కొత్త సెల్లు వేసినా పనిచేయట్లేదా? కంపెనీ కంటే ముందు రకం చూడండి

"ఏ కంపెనీ సెల్లు ఎక్కువ రోజులు వస్తాయండీ?" విజయవాడ బీసెంట్ రోడ్డులో బ్యాటరీ సెల్లు కొనడానికి నిలబడితే పక్కనుంచి ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. నేనూ చాలా ఏళ్లు అదే అడిగాను. ఎవరెడీ, నిప్పో, పానాసోనిక్, డ్యూరాసెల్ అన్నీ వాడి చూశాక ఒకటి అర్థమైంది. ఇంట్లో వచ్చే తిప్పల్లో చాలావరకు కంపెనీ వల్ల వచ్చేవి కావు. పనికి సరిపడని రకం వేయడం వల్ల వచ్చేవే.

రకం ఎలా తెలుస్తుంది? సెల్ ఒంటి మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆర్6 అని ఉంటే మామూలు జింక్ కార్బన్ పెన్సిల్ సెల్. ముందు ఒక ఎల్ చేరి ఎల్ఆర్6 అని ఉంటే ఆల్కలైన్. హెచ్ఆర్6 అయితే చార్జింగ్ పెట్టుకునేది. రిమోట్లలో వేసే సన్న సెల్‌కి 6 బదులు 03 ఉంటుంది, టార్చిలైట్ పెద్ద సెల్‌కి 20 ఉంటుంది. మన నెల్లూరు నిప్పో దగ్గర్నుంచి ఎవరెడీ, పానాసోనిక్ దాకా ఒకే పేరు మీద జింక్ కార్బన్, ఆల్కలైన్ రెండూ అమ్ముతారు. అందుకని పేరొక్కటే చెప్పి కొంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం.

బీపీ మిషన్ మధ్యలో ఆగిపోతోంది

మా నాన్నగారికి ఒకరోజు పొద్దున్నే తల తిరుగుతోందంటే బీపీ మిషన్ తీశాను. నాలుగు సెల్లూ ముందురోజు సాయంత్రం కొన్నవే. చేతికి పట్టీ కట్టి బటన్ నొక్కితే గాలి ఎక్కడం మొదలై, సగంలో మోటార్ మూలిగి స్క్రీన్ ఆరిపోయింది. మళ్లీ నొక్కినా అంతే. మిషన్ పాడైందని టెన్షన్ పడ్డాం. మల్టీమీటర్ పెడితే ఒక్కో సెల్ 1.5 వోల్టులు చూపించింది. సెల్లు బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను.

అక్కడే నేను పొరబడ్డాను. ఊరికే ఉన్నప్పుడు 1.5 చూపించిన సెల్, మోటార్ ఒక్కసారిగా కరెంటు లాగేసరికి ఒక వోల్టుకి దగ్గరగా పడిపోవచ్చు. బిందె నిండా నీళ్లున్నా మూతి సన్నగా ఉంటే ధార గట్టిగా రాదు. జింక్ కార్బన్ సెల్ అలాంటిది. మెల్లగా వాడితే ఇస్తుంది, గబగబా లాగితే ఇవ్వలేదు.

పరిష్కారం: బీపీ మిషన్‌లో ఎల్ఆర్6 వేయండి, నాలుగూ ఒకేసారి మార్చండి. మా ఇంట్లో ఆ మిషన్ నడపలేకపోయిన సెల్లలో ఒకటి గోడ గడియారంలో పెడితే ఏడాదికి పైగా నడిచింది. పారేయాల్సిన సెల్ కాదది, చోటు మారాల్సిన సెల్.

టార్చిలైట్ వెలగట్లేదు, లోపల తెల్లటి పొడి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మా ఇంట్లో కరెంటు పోయింది. బీరువా మీది టార్చిలైట్ తీసి నొక్కితే వెలగలేదు. మూత తిప్పుదామంటే బిగుసుకుపోయింది. బలవంతంగా తిప్పితే స్ప్రింగ్ చుట్టూ తెల్లటి పొడి, దాని కింద పచ్చటి చిలుము, సెల్లు గొట్టానికి అంటుకుపోయి ఉన్నాయి. ఆ రాత్రంతా ఫోన్ లైట్‌ని పొదుపుగా వాడుకున్నాం. ఆ చీకటి నాకింకా గుర్తుంది.

కారణం సెల్ లోపలే ఉంది. జింక్ కార్బన్ సెల్‌లో బయటి జింక్ డబ్బాయే అరిగి కరెంటు ఇస్తుంది. వాడి వదిలేస్తే డబ్బా చిల్లులు పడి లోపలిది కారుతుంది. ఆల్కలైన్ కూడా కారకుండా ఉండదు, పూర్తిగా అయిపోయాక గ్యాస్ పెరిగి చివర్లో సీలు విచ్చుకుంటుంది. పాతదానికి కొత్తది జత చేస్తే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పాతది అయిపోయినా కొత్త సెల్ దాన్ని బలవంతంగా నడిపిస్తూనే ఉంటుంది.

శుభ్రం చేయడానికి ముందు చేతికి గ్లవ్స్ వేసుకోండి. కారింది ఆల్కలైన్ అయితే దూది పుల్లకి నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్ది తుడవాలి. బుసబుస పొంగితే పని జరుగుతున్నట్టే. జింక్ కార్బన్ అయితే తినే సోడా నీళ్లలో కలిపి తుడవాలి. తర్వాత తడి లేకుండా ఆరనిచ్చి, స్ప్రింగ్ మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. ఇప్పుడు నేను టార్చిలైట్ పక్కనే సెల్లు ప్యాకెట్‌తో సహా పెడుతున్నాను, లోపల వేయడం లేదు.

రిమోట్ కొడితేనే పనిచేస్తోంది

సెల్లు తీసి వేలితో తిప్పితే పనిచేస్తుంది కదా? కొసల మీద పట్టిన పొర గీసుకుపోవడం వల్ల అలా అవుతుంది. పొడి గుడ్డతో రెండు కొసలూ, స్ప్రింగులూ తుడవండి. అయినా పనిచేయకపోతే ఫోన్ ముందు కెమెరాలో రిమోట్ మొన చూస్తూ బటన్ నొక్కండి. ఊదారంగు వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగానే ఉన్నట్టు, తేడా టీవీ వైపు ఉందన్నమాట. రిమోట్‌కి, గడియారానికి ఖరీదైన సెల్లు దండగ అని నా అభిప్రాయం.

గ్యాస్ గీజర్ అంటుకోవట్లేదు

టిక్ టిక్ మని స్పార్క్ నీరసంగా వస్తే రెండు పెద్ద సెల్లూ కలిపి మార్చండి. స్పార్క్ గట్టిగా ఉన్నా మంట రాకపోతే సెల్లు మార్చి లాభం లేదు, మెకానిక్‌ని పిలవాలి. చార్జింగ్ సెల్లు ఇందులో వేయకండి. అవి మామూలు సెల్‌లా 1.5 కాదు, ఒక్కోటి 1.2 వోల్టులే.

పిల్లల బొమ్మలు వారానికోసారి సెల్లు తినేస్తున్నాయి

చార్జింగ్ సెల్లకి అసలైన చోటు ఇది. సెల్‌లో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే ఎంఏహెచ్ అంకె 2000కి దగ్గరగా ఉన్నవి చాలు. చార్జర్‌తో కలిపి మొదట్లో ఖర్చనిపించినా, వందలసార్లు చార్జింగ్ చేయవచ్చు. అది వద్దనుకుంటే ఆల్కలైన్. జింక్ కార్బన్ కంటే ధర మూడు రెట్ల లోపు ఉంటే బొమ్మల్లో ఆల్కలైనే గిట్టుబాటు, ఎందుకంటే కరెంటు ఎక్కువ లాగేచోట మామూలు సెల్ తన శక్తిలో చాలా భాగం ఇవ్వకుండానే చతికిలబడుతుంది.

ప్యాకెట్ విప్పగానే నీరసంగా ఉన్నాయి

బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. వేడికి సెల్ వాడకుండానే తనలో తాను ఖర్చైపోతుంది. కొట్టు ముందు ఎండలో వేలాడే ప్యాకెట్లు వద్దు, లోపలివి అడగండి, గడువు తేదీ చూడండి. ఇంట్లో పొయ్యి దగ్గర, కారులో పెట్టకండి. ఫ్రిజ్‌లో కూడా అక్కర్లేదు, చెమ్మ పడుతుంది.

బటన్ సెల్ కనబడట్లేదు

బరువు చూసే మిషన్లలో, షుగర్ మిషన్లలో వచ్చే సీఆర్2032 బిళ్ల 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పసిపిల్లల గొంతులో సరిగ్గా ఇరుక్కునే కొలత. ఇంట్లో చిన్నపిల్లలుంటే మూతకి స్క్రూ ఉన్న వస్తువే కొనండి, తీసిన పాత సెల్‌కి వెంటనే టేపు చుట్టి అందని చోట పెట్టండి. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా తిన్నగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, తెల్లారేదాకా ఆగకూడదు.