రంగును బట్టి నక్షత్రం వేడిని కొలిచే పద్ధతి

నక్షత్రాన్ని బి అనే నీలి ఫిల్టర్‌తో ఒకసారి, వి అనే ఆకుపచ్చ-పసుపు ఫిల్టర్‌తో ఒకసారి ఫొటో తీయండి. ఎక్స్‌పోజర్ ఎక్కువై పిక్సెళ్లు నిండిపోతే కొలత పనికిరాదు. చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగును తీసేసి, అదే ఫ్రేములో ప్రకాశం తెలిసిన నక్షత్రంతో పోల్చి రెండు మాగ్నిట్యూడ్‌లు (ప్రకాశాన్ని తెలిపే సంఖ్యలు; సంఖ్య తగ్గితే వెలుగు ఎక్కువ) లెక్కించండి. బి నుంచి వి తీసేస్తే మిగిలేదే రంగు సూచిక. అభిజిత్‌కు దాదాపు 0, సూర్యుడికి 0.65, ఆర్ద్రకు సుమారు 1.85. సంఖ్య పెరిగేకొద్దీ వేడి తగ్గుతుంది. సూర్యుడి ఉపరితలం 5,772 కెల్విన్.

ఇక్కడ తొందరపడి నక్షత్రం తరగతి (వేడిని బట్టి ఇచ్చే అక్షరం) రాసేయకండి. నక్షత్రానికీ మనకూ మధ్య ఉన్న ధూళి నీలి కాంతిని ఎక్కువగా అడ్డుకుని, వేడి నక్షత్రాన్ని కూడా ఎర్రగా చూపిస్తుంది. అందుకే వర్ణపటం (రంగులుగా విడదీసిన నక్షత్ర కాంతి) తప్పనిసరి: హైడ్రోజన్ గీతలు బాగా బలంగా ఉంటే అది ‘ఏ’ (A) తరగతి, టైటానియం ఆక్సైడ్ పట్టీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే ‘ఎం’ (M). ధూళి ఈ గుర్తులను చెరపలేదు.