నాటకానికి సరే అనే ముందు: విశాఖ నటీమణులకు పారితోషికం లెక్క

"ఒక్క నాటకమేగా అమ్మా, ఎనిమిది వేలు ఇప్పిస్తాం" అని నాటక సమాజం వాళ్లు ఫోన్ చేయగానే ఒప్పేసుకోకండి. ఆ ఎనిమిది వేలు ప్రదర్శన ఒక్కదానికా, రిహార్సల్స్ కూడా అందులోనేనా? ముందు అది తేల్చుకోండి. ఆడవాళ్ల డబ్బు కరిగిపోయేది అక్కడే.

లెక్క వేసి చూద్దాం. ఇల్లు గోపాలపట్నం, రిహార్సల్ సిరిపురంలో, సాయంత్రం ఏడింటికి, పది రోజులు. వెళ్లేటప్పుడు సిటీ బస్సు, రాత్రి ఒంటరిగా వచ్చేటప్పుడు ఆటో, రోజుకి 250 చొప్పున 2,500. మేకప్, సవరం, పూలు 1,500. రెండు చీరలు, నగల అద్దె 1,200. ప్రదర్శన రోజు కళాభారతి ఆడిటోరియంలో తెర పడేసరికి పదిన్నర దాటుతుంది, ఇంటికి క్యాబ్ 300. పోగా మిగిలేది 2,500. పదకొండు రోజులకి పంచితే రోజుకి 227 రూపాయలు. అదే ఎనిమిది వేలకి వేసే నటుడు బండి మీద వచ్చిపోతాడు, పంచె ఇంట్లోదే కడతాడు, సమాజం మేకప్‌మ్యాన్ రంగు పూస్తాడు. "అందరికీ ఒకటే రేటమ్మా" అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

"పోయినసారి ఎంతకి చేశారు?" అనడిగితే పాత అంకె చెప్పకండి, దాని మీదే బేరం మొదలవుతుంది. అంత నిడివి పాత్రలే వేసే ముగ్గురిని, అందులో ఒక్క మగ నటుడినైనా, ముందే కనుక్కుని మీ అంకె చెప్పండి.

నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, కానీ రుజువు చేయడమే కష్టం. అందుకే ఫోన్ పెట్టేసిన వెంటనే వాట్సాప్‌లో ఇలా పంపండి:

"నమస్కారం సార్. ఇప్పుడు అనుకున్నవి: ప్రదర్శనకి 8,000. ఒక్కో రిహార్సల్‌కి 300, పది రిహార్సల్స్ మించితే ఒక్కోదానికి 500. మేకప్, దుస్తుల ఖర్చు సమాజానిది. రాత్రి తొమ్మిది దాటితే ఇంటి దాకా వాహనం. 4,000 అడ్వాన్స్ మొదటి రిహార్సల్ లోపు, మిగతాది తెర లేచే ముందు. మీరు రద్దు చేస్తే అడ్వాన్స్ వెనక్కి రాదు. సరేనంటే జవాబు పెట్టండి."

"తెర లేచే ముందు" అన్న మాట మాత్రం వదలకండి. నాటకం అయ్యాక "స్పాన్సర్ డబ్బు ఇంకా రాలేదు" అన్న జవాబే వస్తుంది. చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. ఒక్క స్క్రీన్‌షాట్‌ని కాదనడం తేలిక. డబ్బు ఎగ్గొడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకి అక్కడ ఉచిత న్యాయసాయం ఉంది, నంబర్ 15100.

లైంగిక వేధింపు ఎదురైతే "నేను పర్మనెంట్ ఉద్యోగిని కాదుగా" అని ఆగిపోవద్దు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులని అరికట్టే 2013 చట్టం తాత్కాలికంగా, కాంట్రాక్టు మీద, జీతం లేకుండా పనిచేసేవాళ్లకి కూడా వర్తిస్తుంది. పోటీలకి ఊరు వెళ్లేటప్పుడు సమాజం ఏర్పాటు చేసిన వ్యాను కూడా పనిచోటే. పదిమందిలోపు పనిచేసే చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా స్థానిక కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు మూడు నెలలు. ఆలస్యానికి కారణం సబబనిపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వగలదు. తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు ఆ రాత్రే రాసి పెట్టుకోండి.