గూటెఫోర్, గొట్లాండ్స్‌ఫోర్: ఇంగ్లీషు పేర్ల చిక్కు ఎలా విడిందంటే (నా అనుభవం)

ఈ రెండు స్వీడిష్ గొర్రె జాతులనీ ఇంగ్లీషులోకి మారిస్తే రెండూ ‘గాట్లాండ్ షీప్’ అయిపోతుంటాయి. డిక్షనరీ, యంత్రానువాదం, ముక్కకు ముక్క అనువాదం ఏవీ పనికిరాలేదు.

పనిచేసిన దారి ఇది. ముందు చివరి ‘ఫోర్’ విడదీయాలి. ‘ఫోర్’ అంటే గొర్రె, ఏకవచనానికీ బహువచనానికీ అదే రూపం. మిగిలింది ప్రాంతం పేరైతే వెనకున్న ‘స్’ షష్ఠీ విభక్తి, దాన్నీ వదిలేయాలి. తర్వాత పేరును వదిలి జంతువును చూడాలి, అసలు కీలకం ఇక్కడే. గూటె జాతిలో పొట్టేలుకీ ఆడగొర్రెకీ కొమ్ములుంటాయి. గొట్లాండ్స్‌ఫోర్‌లో రెంటికీ ఉండవు. గొట్లాండ్ దీవి పాత గొర్రెల నుంచే, ఉన్నితోలు కోసం 1920ల నుంచి ఎంపిక చేసి పెంచిన జాతి అది. కాబట్టి కొమ్ములుంటే ‘గూటె షీప్’, లేకుంటే ‘గాట్లాండ్ షీప్’. చివరగా ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వారి పశు జాతుల డేటాబేస్ డాడ్-ఐఎస్‌లో స్వీడన్, గొర్రెలు ఎంచుకుని సరిచూసుకోవాలి. మొదటి ప్రస్తావనలో స్వీడిష్ పేరు కూడా పక్కనే రాయండి, దయచేసి.

అన్ని జాతులకూ ఇది నప్పుతుందనలేను. రోస్లాగ్స్‌ఫోర్ లాంటి ప్రాంత నామాలకు సులువే. ‘ఫీనుల్స్‌ఫోర్’ దగ్గర మాత్రం జాగ్రత్త: ‘ఫీన్’ అంటే సన్నని, ‘ఉల్’ అంటే ఉన్ని. ‘ఫిన్‌షీప్’ (అది ఫిన్లాండ్ జాతి) అనకూడదు, ‘స్వీడిష్ ఫైన్‌వూల్’ అనాలి.