స్టాప్‌వాచ్ నొక్కక ముందే

క్రీడాశాస్త్రంలో విద్యార్థి సొంతంగా ప్రాజెక్టు చేస్తానంటే సంతోషమే. కానీ తను కొలవబోయేది తోటి పిల్లల శరీరాలను. లెక్క తప్పితే మళ్లీ వేసుకోవచ్చు, పరుగులో ఎవరైనా కుప్పకూలితే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే గైడుగా నేను ఒక గీత గీసుకుంటాను. విశ్లేషణలో తప్పులు చేయనిస్తాను, భద్రతలో చేయనివ్వను.

ముందు ఆరోగ్య ప్రశ్నావళి. గుండె జబ్బు, ఉబ్బసం, వ్యాయామంలో ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఈ మధ్య తగిలిన గాయాలు, వాడుతున్న మందులు అన్నీ అడగాలి. ఒక్కదానికి ‘అవును’ వచ్చినా డాక్టరు సరేననేదాకా ఆ పిల్లవాణ్ని పరీక్షలోకి దించకండి. 20 మీటర్ల షటిల్ రన్ (వేగం పెంచుకుంటూ అటూ ఇటూ పరుగెత్తడం), 30 సెకన్ల వింగేట్ పరీక్ష (వ్యాయామ సైకిల్‌ను శక్తికొద్దీ తొక్కడం) ఓపిక అంతా పిండేస్తాయి. ప్రథమ చికిత్స తెలిసిన పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఏ లక్షణం కనిపిస్తే ఆపేయాలో ముందే కాగితం మీద రాయించండి. ‘ఇంకొక్క రౌండ్’ అని అరిచే స్నేహితులను అక్కడ నిలబడనివ్వకండి.

సమ్మతి దగ్గర చాలామంది తొందరపడతారు. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్లల ఇష్టమూ కావాలి. మనుషులపై జరిగే వైద్య పరిశోధనకు 1964 నాటి హెల్సింకీ ప్రకటన పెట్టిన షరతు ఇదే: ఇష్టంతో రావాలి, ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉండాలి. అయితే స్నేహితుడు అడిగితే కాదనడం ఎంత కష్టమో మనకు తెలుసు. కాబట్టి పరిశోధన చేసే పిల్లవాడు కాక వేరొకరు అడిగితే మేలు. పేర్ల బదులు కోడ్ నంబర్లు వాడించండి. ప్రశ్నకు అవసరం లేకపోతే బరువు, కొవ్వు శాతం కొలవనే వద్దు. నలుగురి ముందు ఆ అంకె చదివితే ఆ బాధ ఏళ్లతరబడి ఉండిపోతుంది.

ఇక ప్రశ్న. ‘వ్యాయామం మంచిదా?’ అన్నదాన్ని ఎవరూ కొలవలేరు. ‘వార్మప్ రకం మారితే నిలువు జంప్ ఎత్తు మారుతుందా?’ అన్నదాన్ని కొలవొచ్చు. కెఫీన్, సప్లిమెంట్లు తినిపించే ప్రాజెక్టులకు నేను ఒప్పుకోను.

కొలత మీద అనుమానం నేర్పండి. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్ ఎలక్ట్రానిక్ టైమింగ్ కంటే సుమారు 0.2 సెకను తక్కువ చూపిస్తుంది, అదీ నొక్కే చేతిని బట్టి మారుతుంది. వెతుకుతున్న తేడా 0.1 సెకనే అయితే ఆ పరికరంతో పని జరగదు. ఏమీ మార్చకుండా ఒకే మనిషిని మూడుసార్లు కొలిపించండి, పొరపాటు ఎంతో అక్కడే బయటపడుతుంది.

ఏ వార్మప్ చేసినా రెండోసారి జంప్ అలవాటు వల్లే మెరుగుపడొచ్చు. అందుకని ముందు ఒక సాధన రోజు పెట్టి, సగం మందికి మొదటి వార్మప్‌తో, మిగతా సగానికి రెండోదానితో మొదలుపెట్టించండి. అవే బూట్లు, అదే నేల, అదే వేళ. ఇద్దరితో పైలట్, అంటే చిన్న ట్రయల్, చేయకుండా అసలు పరీక్షకు దిగొద్దు.

తేడా ఏమీ రాకపోయినా మార్కులు పోవని మొదటి రోజే చెప్పండి. ఆ భయంతోనే పిల్లలు అంకెలు దిద్దుతారు.