అడుగు కంటే ముందే పిలుపు: కొత్తవారితో జానపద నృత్యం

మొదటిసారి ఆడేవారి బృందానికి జతలతో పని లేని, అందరూ చేతులు పట్టుకొని ఒకే వలయంలో తిరిగే నృత్యాన్ని ఎంచుకోవడం మేలు. ఎవరైనా తడబడినా పక్కవారి చేయి వారిని నడిపించుకుపోతుంది, బేసి సంఖ్యలో వచ్చినా ఎవరూ విడిగా మిగిలిపోరు. కదలికలు నాలుగైదుకు మించకూడదు.

అసలు కిటుకంతా పిలుపులో, అంటే తరువాతి కదలిక ఏమిటో నడిపించేవారు పైకి చెప్పే మాటలో ఉంది. "లోపలికి నాలుగడుగులు" అన్న మాటను ఆ కదలిక మొదలయ్యే క్షణంలో కాక, అంతకుముందు సాగుతున్న 8 లెక్కల కదలికలో 5వ లెక్కకు అందుకొని 8వ లెక్కలోపు ముగిస్తేనే, తరువాతి 1 మీద అందరి పాదాలూ ఒకేసారి లేస్తాయి. ఆలస్యంగా వచ్చే పిలుపు కంటే మౌనమే నయమని నా అభిప్రాయం. నడిపించేవారు ఎదురుగా నిలబడి చేయి చూపిస్తే కుడిఎడమలు తారుమారవుతాయి గనుక, తామూ వలయంలోనే నిలబడి "గడియారం ముల్లు తిరిగే వైపు" అనడం మంచిది.

సంగీతం పెట్టకముందు రెండుసార్లు లెక్కతో నడిపిస్తే చాలు. మూడోసారికి ఉత్సాహం చల్లబడుతుంది. నృత్యం రెండు మూడు ఆవృత్తులు సాఫీగా సాగాక, పిలుపును "లోపలికి" అన్న ఒక్క మాటకు కుదించి, ఆపై మానేయవచ్చు. ఎవరైనా తప్పితే ఆట ఆపకుండా, తరువాతి పిలుపుతోనే వారిని తిరిగి కలుపుకోవాలి.