ఈస్ట్ సీసా గ్యాస్‌కి ఏ డిఫ్యూజర్ సరిపోతుంది?

మొక్కలు పెంచే అక్వేరియం ట్యాంక్ కొత్తగా పెట్టుకున్నవాళ్లు "ఏ డిఫ్యూజర్ కొనాలి?" అని అడిగితే నేను ముందు తెలుసుకునేది ఒక్కటే. మొక్కల కోసం నీళ్లలోకి పంపే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ (దాన్ని బుడగలుగా విడగొట్టి కరిగించేదే డిఫ్యూజర్) ఎక్కడి నుంచి వస్తోంది? పంచదార, ఈస్ట్ కలిపిన సీసా నుంచా, సిట్రిక్ యాసిడ్, బేకింగ్ సోడా కిట్ నుంచా? సగం జవాబు అక్కడే ఉంది. డిఫ్యూజర్ ఎంత సన్నటి బుడగలు ఇస్తుందన్నది తర్వాతి సంగతి. మన సీసా దాన్ని నెట్టగలదా లేదా అన్నది ముందు చూడాలి.

ఈస్ట్ సీసా మెల్లగా పనిచేస్తుంది. 2 లీటర్ల సీసాలో రెండు కప్పుల పంచదార, పావు టీస్పూన్ ఈస్ట్, గోరువెచ్చటి నీళ్లు పోసి, నురగ కోసం పైన నాలుగైదు అంగుళాలు ఖాళీ వదిలితే రెండు మూడు వారాలు గ్యాస్ వస్తుంది. మొదట్లో జోరుగా, చివరికి నీరసంగా. గది చల్లబడితే ఇంకా తగ్గుతుంది. ఆ ప్రవాహాన్ని మనం తిప్పి పెంచలేం, ఆపలేం కూడా. సిట్రిక్ యాసిడ్ కిట్ అలా కాదు. గేజ్, సేఫ్టీ వాల్వ్, గ్యాస్‌ని తగ్గించి పెంచే నీడిల్ వాల్వ్ ఉన్న మూతతో వస్తుంది, ప్రెషర్ బాగా ఉంటుంది, రాత్రి కట్టేయొచ్చు.

గ్యాస్ కరగడానికి రెండు కావాలి: నీళ్లకి తగిలే ఉపరితలం, నీళ్లలో ఉండే సమయం. అదే గ్యాస్‌ని పదో వంతు వ్యాసం ఉన్న బుడగలుగా విడగొడితే మొత్తం ఉపరితలం పది రెట్లవుతుంది. పైగా చిన్న బుడగ నెమ్మదిగా పైకి లేస్తుంది. ఉత్త ట్యూబ్ చివర నుంచి వదిలిన పెద్ద బుడగ 40 సెంటీమీటర్ల లోతున్న ట్యాంక్‌లో రెండు సెకన్లలోపే పైకొచ్చి పగిలిపోతుంది. ఆ గ్యాస్ గదిలోకి పోయినట్టే. మామూలు ఎయిర్ స్టోన్ దీనికంటే కొంచెం నయం, అంతే. చెక్క ఎయిర్ స్టోన్ సన్నటి బుడగలే ఇస్తుంది కానీ కొన్ని వారాల్లో నాని, మూసుకుపోతుంది.

అందరికీ నచ్చేది గాజు బుడ్డికి సిరామిక్ బిళ్ల అతికించిన డిఫ్యూజర్. దాని నుంచి లేచే పొగమంచు లాంటి బుడగలు చూస్తుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ ఆ బిళ్లలోంచి గ్యాస్ బయటికి రావాలంటే వెనక గట్టి ప్రెషర్ ఉండాలి. ఈస్ట్ సీసాకి తగిలిస్తే ప్రెషర్ పెరిగేదాకా గంటలు పడుతుంది, మధ్యలో ఏ మూతో జాయింటో కాస్త కారుతుంటే గ్యాస్ అక్కడి నుంచే పోతుంది. సీసా బలం తగ్గిన రెండో వారంలో బుడగలే ఉండవు. బిళ్ల మీద నాచు పట్టాక మరీ కష్టం. సిట్రిక్ యాసిడ్ కిట్ ఉన్నవాళ్లు మాత్రం నిశ్చింతగా ఇదే పెట్టుకోండి. బిళ్ల మూసుకుపోతే పల్చటి బ్లీచ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ తీసే మందు కలిపిన నీళ్లలో ఉంచి మళ్లీ పెట్టండి. ఫిల్టర్ పైపులో బిగించే ఇన్‌లైన్ అటామైజర్‌కి ఇంకా ఎక్కువ ప్రెషర్ కావాలి, ఈస్ట్‌తో ఆ ఆలోచనే వద్దు.

ఈస్ట్‌కి బలం అక్కర్లేని పద్ధతులు కావాలి. అన్నిటికంటే సులువైనది గుడి గంటలా బోర్లించే డిఫ్యూజర్: చిన్న ప్లాస్టిక్ కప్పుని నీళ్లలో బోర్లించి, కింద నుంచి గ్యాస్ నింపడం. కప్పు లోపల గ్యాస్, నీరు కలిసేచోట మెల్లగా కరుగుతుంది. నా 20 లీటర్ల చిన్న ట్యాంక్‌లో క్రిప్టోకొరైన్ మొక్కలకి ఇదే పెట్టాను, ఫిల్టర్ నీళ్లు కప్పు అడుగున తగిలేలా. రోజుకోసారి కప్పుని వంచి పాత గ్యాస్‌ని వదిలెయ్యాలి. నీళ్లలో ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ కప్పులోకి చేరుతూ ఉంటాయి కాబట్టి, మర్నాటికి అందులో ఉన్నది చాలావరకు మామూలు గాలే.

దీనికంటే ఒక మెట్టు పైన నిచ్చెన డిఫ్యూజర్. బుడగ మెట్లు మెట్లుగా చుట్టూ తిరుగుతూ పైకెక్కుతుంది, దారి పొడుగునా చిక్కిపోతుంది. ఎన్ని బుడగలు వెళ్తున్నాయో కళ్లెదుటే లెక్క కనిపించడం దీని గొప్ప సుగుణం. పైమెట్టు దాకా వచ్చి కూడా కరగని చిన్న బుడగ చూసి కంగారు పడొద్దు, అందులో మిగిలింది ఎక్కువగా నీళ్లలోంచి చేరిన గాలే.

నన్నడిగితే, 60 లీటర్ల పైన ట్యాంక్‌కి ఫిల్టర్‌నో పవర్‌హెడ్‌నో (నీళ్లలో ముంచి నడిపే చిన్న పంపు) వాడుకోమంటాను. గ్యాస్ ట్యూబ్ కొసని చిన్న పవర్‌హెడ్ నీళ్లు పీల్చే చోట పెడితే, లోపల తిరిగే చక్రం బుడగల్ని చితక్కొట్టి ట్యాంకంతా చిమ్ముతుంది. చాలా పవర్‌హెడ్‌లకి గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది, దానికి తగిలిస్తే అదే గ్యాస్‌ని లాక్కుంటుంది, సీసా నెట్టక్కర్లేదు. చక్రానికి బుడగ తగిలినప్పుడల్లా చిన్న చప్పుడొస్తుంది, పడగ్గదిలో అది చికాకే. స్పాంజ్ వెనక గ్యాస్ పేరుకుని ఒక్కసారిగా బుస్సుమనడం కూడా మామూలే. కానిస్టర్ ఫిల్టర్‌లోకి (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్) పంపేవాళ్లు గ్యాస్ ఎక్కువ కాకుండా చూసుకోవాలి, లేకపోతే లోపల గాలి నిండి పంపు నీళ్లు లాగడం మానేస్తుంది.

ఇంకాస్త ఓపిక ఉంటే రియాక్టర్ చేసుకోండి. నా పెద్ద ట్యాంక్‌లో రొటాలా మొక్కలు పెరిగేది దానితోనే, నాకు దీనికి మించింది లేదు. గులకరాళ్లు శుభ్రం చేసే సైఫన్‌కి ఉండే వెడల్పాటి గొట్టం తీసుకుని నిలువుగా పెట్టండి. పైన పవర్‌హెడ్ బిగించి నీళ్లు కిందికి కొట్టేలా చూడండి, గ్యాస్‌ని కూడా పైనుంచే వదలండి, అడుగున స్పాంజ్ ముక్క కుక్కండి. బుడగ పైకి పోవాలని చూస్తుంది, నీళ్లు కిందికి తోస్తాయి, మధ్యలోనే గిరగిరా తిరిగి కరిగిపోతుంది. బుడగలు అడుగు నుంచి బయటికొస్తుంటే నీటి వేగం తగ్గించాలి, పైన గ్యాస్ గూడు కట్టుకుంటుంటే పెంచాలి.

ఏది ఎంచుకున్నా సీసాకీ ట్యాంక్‌కీ మధ్య రెండు వస్తువులు తప్పనిసరి. ఒకటి చెక్ వాల్వ్, ట్యాంక్ నీళ్లు వెనక్కి రాకుండా. రెండోది సగం నీళ్లు పోసిన చిన్న సీసా, ఈస్ట్ నురగ పొంగినా అందులోనే ఆగిపోతుంది, బుడగలు లెక్కపెట్టడానికీ పనికొస్తుంది. సిలికాన్ ట్యూబ్ గోడల్లోంచి ఈ గ్యాస్ బయటికి పోతుంది, పాలియురెథేన్ ట్యూబ్ వాడండి. ఈస్ట్ సీసాకి మాత్రం ఎప్పుడూ వాల్వ్ పెట్టి కట్టెయ్యకండి, గాజు సీసా వాడకండి. లోపల ఈస్ట్ ఆగదు, ప్రెషర్ పెరిగి సీసా పగులుతుంది.

కరిగిందో లేదో బుడగల్ని చూసి చెప్పలేం. డిఫ్యూజర్‌కి ఎదురు మూల డ్రాప్ చెకర్ (గ్యాస్ ఎంత కరిగిందో రంగుతో చూపే చిన్న బుడ్డి) అతికించండి. అందులో ట్యాంక్ నీళ్లు కాదు, 4 డిగ్రీల కార్బొనేట్ హార్డ్‌నెస్ (KH) ఉన్న నీళ్లలో బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు మారే ద్రవం చుక్కలు వెయ్యాలి. నీలం అంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చ అంటే లీటరుకి సుమారు 30 మిల్లీగ్రాములు, పసుపు అంటే ఎక్కువ. రంగు మారడానికి గంటో రెండు గంటలో పడుతుంది, తొందరపడి ఏదీ మార్చకండి. రోజులు గడిచినా నీలంగానే ఉంటే కొత్త డిఫ్యూజర్ కొనేముందు ప్రతి జాయింట్ మీదా సబ్బు నీళ్లు రాసి చూడండి. ఆ తర్వాత ఫిల్టర్ నీళ్లు పైనుంచి జలపాతంలా పడుతున్నాయేమో చూడండి. కరిగిన గ్యాస్ అక్కడే ఎగిరిపోతుంది, ట్యాంక్‌లో నీటి మట్టం పెంచితే సరి.

రాత్రి లైట్లు ఆరాక మొక్కలు ఈ గ్యాస్‌ని వాడుకోవు, ఈస్ట్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అందుకని లైట్ ఆరగానే ఎయిర్ పంప్ మొదలయ్యేలా టైమర్ పెట్టి, రాత్రంతా నడపండి. పొద్దున్నే చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే ట్యూబ్‌ని వెంటనే ట్యాంక్‌లోంచి తీసేసి, పంప్ వేసి, మూడో వంతు నీళ్లు మార్చండి.