ఇంట్లో కంప్యూటర్‌తో నేపథ్య గురుత్వ తరంగాలను వెతకడం ఎలా?

జాతర జరుగుతున్న ఊరికి మైలు దూరంలో నిలబడి వినండి. మైకులో పాట వేరు, డప్పు వేరు, రంగులరాట్నం మీద కేకలు వేరు అని తెలియదు. అన్నీ కలిసిపోయి ఒకటే హోరు. గురుత్వ తరంగాలంటే స్థలకాలంలో లేచే అలలు. నేపథ్య గురుత్వ తరంగాలు కూడా ఆ జాతర హోరులాంటివే. గెలాక్సీలు కలిసిపోయినప్పుడు వాటి నడిమధ్య ఉన్న భారీ కృష్ణబిలాలు జంటగా తిరగడం మొదలుపెడతాయి. విశ్వమంతా ఉన్న అలాంటి జంటల అలలన్నీ కలిసిన హోరే ఇదని ఎక్కువమంది శాస్త్రవేత్తల అంచనా. ఒక్కో అల లేచి పడడానికి ఏళ్ళు పడుతుంది. గురుత్వ తరంగాలను పట్టే, నాలుగు కిలోమీటర్ల చేతులున్న లైగో పరికరానికి ఇవి అందవు. కొలబద్ద గెలాక్సీ అంత ఉండాలి, అందుకే పల్సార్లు కావాలి. పల్సార్ అంటే వేగంగా తిరుగుతూ, గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే మృత నక్షత్రం. తరంగం దాటితే ఆ సంకేతాలు మనకు కాస్త ముందో వెనకో చేరతాయి.

2023 జూన్ చివర్లో అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, చైనా, మన దేశ బృందాలు ఈ హోరు జాడ కనపడిందని ఒకేసారి చెప్పాయి. అమెరికా బృందం నానోగ్రావ్ తన 15 ఏళ్ళ డేటాను అందరికీ ఉచితంగా పెట్టింది. కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చి, ఓపిక ఉంటే మీరూ వెతకవచ్చు. ముందే ఒక మాట: ఈ పనిలో తరంగాన్ని వెతకడం కొంచెమే. తరంగం కానివాటిని ఒక్కొక్కటిగా తీసెయ్యడమే అసలు చాకిరీ.

ఒక్క పల్సార్‌తో మొదలుపెట్టండి

నానోగ్రావ్ 15 ఏళ్ళ డేటాను జెనోడో సైటు నుంచి దించుకోండి. అందులో 68 పల్సార్లున్నాయి. ఒక్కోదానికి ముఖ్యంగా రెండు ఫైళ్ళు: 'పార్' ఫైల్లో ఆ పల్సార్ జాతకం (ఎంత వేగంగా తిరుగుతోంది, ఆకాశంలో ఎక్కడుంది, జంట నక్షత్రం ఉందా), 'టిమ్' ఫైల్లో దాని సంకేతాలు టెలిస్కోపుకి చేరిన సమయాలు. డేటా నారోబ్యాండ్, వైడ్‌బ్యాండ్ అని రెండు రకాలుగా ఉంటుంది. మొదటిసారి వైడ్‌బ్యాండే తీసుకోండి. వరసలు చాలా తక్కువ, ల్యాప్‌టాప్ మొరాయించదు.

తర్వాత ఈ ఫైళ్ళను చదివి లెక్కలు చేసే పింట్ అనే సాఫ్ట్‌వేర్. పైథాన్ ప్యాకేజీలను దించే పిప్‌తో ఎక్కించేటప్పుడు పేరు 'పింట్-పల్సార్' అని పూర్తిగా కొట్టండి. ఉత్త 'పింట్' అని కొడితే కొలమానాలు మార్చే వేరే ప్యాకేజీ వచ్చి కూర్చుంటుంది. నాకు ఒక సాయంత్రమంతా అలాగే పోయింది.

జె1713+0747 అనే పల్సార్‌ని తెరవండి. ఇది 4.57 మిల్లీసెకన్లకు ఒకసారి తిరుగుతుంది. సంకేతం ఎప్పుడు రావాలో పార్ ఫైలు లెక్క చెబుతుంది, నిజంగా ఎప్పుడొచ్చిందో టిమ్ ఫైలు చెబుతుంది. ఆ రెండింటి తేడానే రెసిడ్యువల్. తెర మీద సున్నా గీత చుట్టూ చుక్కలు గుమిగూడి కనిపిస్తాయి. తేడా మైక్రోసెకనులో చిన్న భాగం.

ఇప్పుడు కావాలనే ఒక తప్పు చేయండి. పార్ ఫైల్లో పల్సార్ రేఖాంశం డిగ్రీల్లో ఉంటుంది. దశాంశం తర్వాత ఏడో అంకెకు 3 కలిపి, ఫిట్ చేయకుండా (అంటే ఆ తప్పును సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దించకుండా) మళ్ళీ గీయండి. చుక్కలన్నీ సరిగ్గా ఏడాదికోసారి లేచి పడే అలలా మారిపోతాయి, ఎత్తు సుమారు 2 మైక్రోసెకన్లు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ చిన్న తప్పే ఇలా బయటపడుతుంది. చూడ్డానికి ఎంత ముచ్చటైన తరంగమో! కానీ తరంగం కాదు. ఇది ఒకసారి కళ్ళారా చూస్తే, తర్వాత ఏ వంపు కనపడినా తొందరపడి ఎగిరి గంతెయ్యరు.

మకిలి తీయడం

దారిలో ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో సంకేతం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం రోజులు గడిచేకొద్దీ మారుతుంది, పల్సార్ సూర్యుడి పక్కగా కనిపించే రోజుల్లో మరీ ఎక్కువ. పార్ ఫైల్లో దీనికోసం బోలెడు వరసలుంటాయి, వాటిని చెరపకండి. పుణె దగ్గరి ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ టెలిస్కోపు బలం ఇక్కడే. 30 డిష్‌లతో 300 నుంచి 500 మెగాహెర్ట్జ్‌ల దగ్గర కూడా చూస్తుంది కాబట్టి ఈ ఆలస్యాన్ని బాగా పట్టేస్తుంది. ఆ డేటాతో పనిచేసే భారత బృందంలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ళూ ఉన్నారు.

ఇది కాక ఒక్కో పల్సార్‌కి సొంత తిక్క ఉంటుంది. కొన్ని ఏళ్ళ తరబడి మెల్లగా అటూ ఇటూ జరుగుతుంటాయి. దీన్ని రెడ్ నాయిస్ అంటారు. అచ్చం మనం వెతికే హోరులాగే ఉంటుంది, అదే టెన్షన్. ఎంటర్‌ప్రైజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రతి పల్సార్‌కీ ఈ నాయిస్‌ని విడివిడిగా అంచనా వేయాలి. ఒక్క పల్సార్ అయితే ల్యాప్‌టాప్ చాలు. అన్నీ కలిపి చేయాలంటే పెద్ద కంప్యూటర్ కావాలి. నానోగ్రావ్ వాళ్ళు తమ విశ్లేషణ నోట్‌బుక్కులు కూడా బయటపెట్టారు, వాటితో సాధన చేయడం నయం.

జంటలు కట్టడం

ఏ ఒక్క పల్సార్‌ని చూసీ తరంగం ఉందని చెప్పలేం. రెండింటిని పక్కపక్కన పెట్టాలి. నానోగ్రావ్ వెతుకులాటలో వాడిన పల్సార్లు 67, అంటే 2,211 జంటలు. ప్రతి జంటకూ రెండు లెక్కలు తీయండి: ఆకాశంలో వాటి మధ్య కోణం ఎంత, వాటి రెసిడ్యువల్స్ ఎంత కలిసి కదులుతున్నాయి. దీనికి 'ఆప్టిమల్ స్టాటిస్టిక్' అనే పద్ధతి వేగంగా పనిచేస్తుంది. ఒక్కో జంట విలువ నమ్మదగ్గది కాదు, చాలా చెదిరి ఉంటుంది. దగ్గరి కోణాలున్న జంటలను గుంపులుగా చేసి సగటు గీయండి.

కోణాన్ని బట్టి జంటలు ఎంత కలిసి కదలాలో, అంటే ఏ ఆకారం రావాలో హెల్లింగ్స్, డౌన్స్ అనే ఇద్దరు 1983లోనే లెక్కకట్టారు. పక్కపక్కనే ఉన్న జంటలకు 0.5 దగ్గర మొదలై, 50 డిగ్రీల దగ్గర సున్నా దాటి, 82 డిగ్రీల దగ్గర మైనస్ 0.15కి దిగి, ఎదురెదురుగా ఉన్నవాటికి మళ్ళీ 0.25కి లేస్తుంది. వేరే తప్పులు ఈ వంపును గీయలేవు. భూమ్మీద గడియారం తప్పితే పల్సార్లన్నీ ఒకేలా జరుగుతాయి, గీత అడ్డంగా ఉంటుంది. భూమి స్థానం లెక్క తప్పితే ఒక దిక్కువి ముందుకు, ఎదురు దిక్కువి వెనక్కి పోతాయి.

ఆ వంపు వచ్చిందా? అయితే పల్సార్ల స్థానాలను తారుమారు చేసి, దీనిది దానికి, దానిది దీనికి ఇచ్చి, వేలసార్లు అదే లెక్క చేయండి. తారుమారు ఆకాశంలో కూడా తరచూ అంత చక్కటి వంపే వస్తుంటే మీది కాకతాళీయమే. నానోగ్రావ్‌కి ఈ రకం పరీక్షల్లో 3.5 నుంచి 4 సిగ్మా బలం వచ్చింది (సిగ్మా పెరిగేకొద్దీ అది కాకతాళీయం అయ్యే అవకాశం తగ్గుతుంది). 5 సిగ్మా కాలేదు కాబట్టే వాళ్ళు 'కనుగొన్నాం' అనకుండా 'సాక్ష్యం ఉంది' అన్నారు.

వంపు రాకపోతే ముందు గ్రహాల పంచాంగం, అంటే గ్రహాలు ఎప్పుడు ఎక్కడుంటాయో చెప్పే పట్టిక చూడండి. గురుగ్రహం కక్ష్య లెక్కలో చిన్న తేడా వల్ల అంతకు ముందరి 11 ఏళ్ళ డేటాలో ఒక్కో పంచాంగంతో ఒక్కో ఫలితం వచ్చింది. 15 ఏళ్ళ డేటాకి వాడింది డీఈ440 అనే పంచాంగం. మీ పార్ ఫైళ్ళన్నిటిలో అదే ఉందో లేదో చూసుకుని, మళ్ళీ జె1713 నుంచి మొదలుపెట్టండి.